కొండకీ ఓడకీ మధ్య

ఒమన్ రాజధాని మస్కట్‌లో, రువి నుంచి మత్రాకి వెళ్ళే రోడ్డు కొండల మధ్యలోంచి పోతుంది. అప్పటిదాకా బ్యాంకులు, మనీ ఎక్స్ఛేంజీలు, ట్రావెల్ ఏజెన్సీలు, నెత్తి మీద చుక్కలు రాల్చే ఏసీలు. ఒక్క మలుపు తిరిగామా, ఎదురుగా సముద్రం. సముద్రం మీద ఓడలు. ఆ ఓడల చుట్టూ, ఎటు తల తిప్పితే అటు, గడ్డిపరక కూడా కనబడని కొండలు.

2005 నవంబరులో మొదటిసారి ఆ మలుపు తిరిగినప్పుడు నేను బైసా బస్సులో ఇద్దరి మధ్య నలిగిపోతూ కూర్చున్నాను. బైసా బస్సంటే తెలుపూ నారింజా రంగుల చిన్న వ్యాను. బైసాలంటే అక్కడి చిల్లర. రెండు వందల బైసాలిస్తే రువిలో ఎక్కించుకుని మత్రాలో దింపేవాడు. ఒమన్ వచ్చి అప్పటికి పన్నెండు రోజులు. ఒక ట్రేడింగ్ కంపెనీ అకౌంట్స్‌లో చిన్న ఉద్యోగం. ఆ పన్నెండు రోజులూ రూము నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి రూము. గురువారం సాయంత్రం మా రూములో ఉండే పెద్దన్న, "ఎంతసేపని ఆ గోడకేసి చూస్తావురా, లే, ఓడల్ని చూసొద్దాం" అని బయల్దేరదీశాడు.

అన్న గురించి ముందే చెప్పాలి. అన్న పోర్టులో సరుకు ఎత్తే ట్రైలర్ డ్రైవరు. వారంలో ఆరు రోజులు పోర్టు గేటు లోపలికి వెళ్ళి కంటైనర్ ఎక్కించుకోవడం, వాదీ కబీర్‌లోనో రుసైల్‌లోనో గోడౌన్ల దగ్గర దించడం. అలాంటి మనిషి సెలవు దొరికితే మళ్ళీ ఓడల దగ్గరికే పోతాడు. "రోజూ చూసేవే కదన్నా" అన్నాను. "రోజూ చూసేది ఓడ పొట్టరా. మొహం చూడాలంటే ఇటొచ్చి నిలబడాలి" అన్నాడు.

ఇటు అంటే కార్నిష్. సముద్రపు గట్టు వెంబడి వంపుగా సాగే నడకదారి, పక్కన ఇనుప కమ్మీలు, అక్కడక్కడా బెంచీలు. రోడ్డుకి అవతల సున్నం వేసినట్టు తెల్లటి ఇళ్ళు వరసగా, వాటికి చెక్క బాల్కనీలు, మధ్యలో నీలం రంగు గుమ్మటంతో మసీదు. ఆ ఇళ్ళ వెనకాలే కొండ. మధ్యలో పెరడు వదిలే జాగా కూడా లేదు. కొండ వెనకనుంచి నెట్టుకొస్తుంటే ఊరు ఒక్కో అడుగూ జరిగి జరిగి ఇక నీళ్ళలో పడబోతూ ఆగినట్టు ఉంటుంది. ఒక గుట్ట మీద 1580ల్లో పోర్చుగీసువాళ్ళు కట్టిన కోట. మిగతా శిఖరాల మీద కావలి బురుజులు. ఎడమ చేతి వైపు పోర్టు క్రేన్లు, వాటి దగ్గరే సుల్తాన్ గారి తెల్లటి ఓడ. పొద్దుగూకాక మగ్రిబ్ అజాన్ మొదలైతే ఆ పిలుపు కొండకి తగిలి తిరిగొచ్చేది. ఒకే మసీదులో రెండుసార్లు పిలుస్తున్నారేమో అనుకున్నాను మొదటి రోజు.

ఆ రోజు అన్న నాకు ఓడల్ని పరిచయం చేశాడు. ఇది కార్లు మోసేది, పక్కనున్నది గోధుమలది, లంగరు వేసి దూరంగా నిలబడినది ఇంకా లోపలికి పిలుపు రానిది. దగ్గర్లో చెక్కతో చేసిన ధౌ పడవలు. ఒక పెద్ద ఓడ హారన్ కొడితే నా పక్కటెముకల్లో వినబడింది. ఇంటి మీద బెంగ అన్నది ఆ సాయంత్రం తగ్గిందని చెప్పను. కాకపోతే బెంగగా కూర్చోవడానికి నాకొక మంచి బెంచీ దొరికింది.

కొండల సంగతి నాకు తెలిసింది తర్వాతి జూన్‌లో. రాత్రి తొమ్మిదిన్నరకి రియాం పార్కు వైపు నడుస్తున్నాం. సూర్యుడు పోయి రెండున్నర గంటలు దాటినా, పక్కన ఇటుకల బట్టీ ఉన్నట్టు ఎడమ చెంపకీ కుడి చెంపకీ తేడా తెలుస్తోంది. అన్న ఆగి, రోడ్డు కోసం తొలిచిన రాతి గోడ మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఉంచి, "ఊహూ, జ్వరం దిగలేదు" అన్నాడు. పగలంతా తాగిన ఎండని ఆ రాళ్ళు రాత్రంతా కక్కుతుంటాయి. చెట్టు లేదు, మట్టి లేదు, ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. రాయి చల్లారడానికి సాయం చేసేది ఏదీ లేదక్కడ. ఆ తర్వాత మాకది ఆటైపోయింది. ఎప్పుడెళ్ళినా రియాం మలుపు దగ్గర అన్న కొండకి చెయ్యి వేసి, పసిపిల్లాడి నుదురు చూసినట్టు చూసి, రిపోర్టు చెప్పేవాడు. అక్టోబరు ఆఖర్లో ఒకరోజు "దిగింది" అన్నాడు. ఇక చలికాలం వచ్చినట్టే.

శుక్రవారాలు తెల్లవారుజామున చేపల మార్కెట్‌కి వెళ్ళేవాళ్ళం. అప్పటిది పాత మార్కెట్, పోర్టు గేటుకి దగ్గర్లో. రాత్రి సముద్రం మీద ఉన్న పడవలు వచ్చి ఆగేసరికి తడి నేల మీద ట్యూనాలు వరసగా పడుకుని ఉండేవి, ఒక్కోటి చంటిపిల్లాడంత. మన వంజరాన్ని వాళ్ళు కనద్ అంటారు. కొనడం ఒక చోట, కోయించుకోవడం ఇంకో చోట. కోసేవాడు మాట్లాడడు. చేపని బల్ల మీద పడేసి, బొటనవేలూ చూపుడువేలూ ఎడంగా పెట్టి చూపిస్తాడు, ముక్క ఇంత మందమా అని. మనం ఆ వేళ్ళని కొంచెం దగ్గరికి జరపాలి, లేదా తల ఊపాలి. అంతే, మూడు దెబ్బలకి తల వేరు, నాలుగోదానికి తోక. బల్ల కింద కూర్చున్న పిల్లులు ఆ దెబ్బలు లెక్కపెట్టుకునేవేమో, సరిగ్గా తోక తెగే సమయానికి లేచేవి. మత్రా పిల్లులంత బలిసిన పిల్లుల్ని నేను మరెక్కడా చూడలేదు.

సూక్, అంటే మత్రా పాత బజారు గురించి అందరూ రాస్తారు కాబట్టి ఎక్కువ రాయను. కార్నిష్ వైపు ద్వారంలోంచి లోపలికి వెళ్తే పైకప్పు వేసిన సందులు, సందుల్లో సందులు. పగలు కూడా చీకటిగా ఉండేదని పాతవాళ్ళు దాన్ని చీకటి బజారు అనేవారు. మొదటి వంద గజాలు టూరిస్టుల కోసం. అక్కడ కొన్నవాడు నష్టపోయినట్టే. లోపలికి పోయేకొద్దీ మామూలు జనం, మామూలు బేరాలు.

ఆ లోపలి సందుల్లో లుబాన్ అమ్మే ఒక ముసలాయన ఉండేవాడు. పాదాల దాకా తెల్ల డిష్‌డాషా, తలమీద కుట్టుపని చేసిన కుమ్మా టోపీ, నోట్లో నాకంటే మంచి హిందీ. లుబాన్ అంటే దోఫార్ ప్రాంతంలో చెట్టు బెరడు గీస్తే కారి గడ్డకట్టే బంక. పొగ వేస్తే ఆ వాసన బట్టలకి రెండు రోజులు ఉంటుంది. మన సాంబ్రాణి వేరు, అది వేరు. అయినా నేను ఇంటికి పంపిన ప్రతిసారీ మా అమ్మ ఫోన్‌లో "సాంబ్రాణి అందిందిరా" అనే అనేది. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న హోజరీ రకం ముక్కని ఆయన దీపానికి అడ్డంగా పట్టుకుని చూపించేవాడు. లోపల మబ్బు పట్టినట్టు ఉంటే తక్కువ రకం.

ఒకసారి నేను డబ్బు లెక్కపెడుతుంటే, "ఈ బైసా మీ పైసానే, తెలుసా" అన్నాడు. గల్లాపెట్టె మీది అద్దం కింద ఒక పది రూపాయల నోటు ఉంది. రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అని స్పష్టంగా రాసుంది, రంగు మాత్రం మన నోటుది కాదు. 1959లో గల్ఫ్ దేశాల కోసమని మన రిజర్వ్ బ్యాంకు ప్రత్యేకంగా అచ్చువేసిన నోట్లవి. 1966లో మన రూపాయి విలువ తగ్గించాక అప్పటికింకా వాడుతున్న మిగతావాళ్ళూ వదిలేసుకున్నా, ఇక్కడ 1970లో సొంత రియాల్ వచ్చేదాకా అవే నడిచాయి. "నా పెళ్ళి ఖర్చంతా మీ రూపాయల్లోనే" అని నవ్వాడు. ఆయనే చెప్పాడు, అప్పట్లో పొద్దుగూకిన మూడు గంటలకి పాత మస్కట్ కోట తలుపులు మూసేసేవారనీ, ఆ తర్వాత బయట తిరగాలంటే చేతిలో లాంతరు ఉండాల్సిందేననీ. మత్రా నుంచి ఆ పాత మస్కట్‌కి సముద్రం పక్కనుంచి ఈ రోడ్డు కూడా లేదట. పడవ ఎక్కాలి, లేదంటే కొండ దాటాలి. "ఆ కొండదారి ఇప్పటికీ ఉంది, వెళ్ళారా?" అన్నాడు.

అదిగో, అలా తగులుకున్నాం ఆ దారిని.

2006 డిసెంబరు. రియాం పార్కు వెనక నుంచి మొదలవుతుంది. టూరిజంవాళ్ళు రాళ్ళ మీద పసుపు, తెలుపు, ఎరుపు గీతలతో గుర్తులు వేసి ఉంచారు. మొత్తం రెండు, రెండున్నర కిలోమీటర్లు. రెండు కిలోమీటర్లే కదా అని నేను హవాయి చెప్పులతో, చేతిలో అర లీటరు నీళ్ళ సీసాతో బయల్దేరాను. అన్న తోలు చెప్పులు వేసుకొచ్చాడు, ఆయనకి ఆ మాత్రం జ్ఞానం ఉంది. మొదటి అరగంట నిట్టనిలువు ఎక్కుడు. అడుగు వేసిన చోటల్లా రాయి పలక పలకలుగా విరిగి కిందికి జారేది. నేను రెండు చేతులూ నేలకి ఆనించి ఎక్కాను. పైకెళ్ళాక వెనక్కి తిరిగి చూస్తే మత్రా మొత్తం ఒక గుప్పెట్లో ఉంది. క్రేన్లు, కంటైనర్లు, తెల్ల ఇళ్ళు, వంపు తిరిగిన కార్నిష్, అన్నీ. అన్న కళ్ళు చిట్లించి "అదిగో నా బండి" అని వేలు చూపించాడు. అంత ఎత్తు నుంచి బండి కాదు కదా గేటు కూడా ఆనదు. నేనేం అనలేదు.

దిగేటప్పుడు రంగు గుర్తు ఎక్కడో వదిలేశాం. ఎండిన వాగులోకి దిగితే అదే తీసుకెళ్తుందని అన్న ధీమా. ఒకచోట రాతి గుంటలో ఇన్ని నీళ్ళు, పక్కన పైకప్పు లేని రాతి గోడలు, ఎప్పుడో ఎవరో కాపురం ఉండి వెళ్ళిపోయిన ఇళ్ళు. అక్కడే నా కుడి చెప్పు పట్టీ తెగింది. రుమాలు కాలికి చుట్టుకుని, నల్లటి రాళ్ళ మీద కుంటుకుంటూ, చివరికి మత్రాలో ఎవరి ఇంటి వెనక సందులోనో తేలాం.

గుమ్మం ముందు కూర్చున్న ఒక పెద్దాయన నా కాలు చూశాడు. ఏమీ అడగలేదు. "తఫద్దల్", అంటే దయచెయ్యండి, అన్నాడు, లోపలికెళ్ళి నీళ్ళు, ఖర్జూరాలు, కాఫీ కూజా పట్టుకొచ్చాడు. పిడికెడంత కప్పులో అడుగున కాస్త పోసి ఇచ్చాడు. యాలకుల వాసన, చక్కెర లేదు. తాగి కప్పు చేతికిస్తే మళ్ళీ పోశాడు. మొహమాటానికి తాగాను. మళ్ళీ పోశాడు. ఐదో కప్పుకి నాకు టెన్షన్ మొదలైంది. అన్న నవ్వాపుకోలేక, "కప్పు అటూ ఇటూ ఊపి ఇవ్వరా, లేకపోతే కూజా అయ్యేదాకా పోస్తాడు" అన్నాడు. ఊపాను. ఆగాడు. వచ్చేటప్పుడు ఆ పెద్దాయన ఇంట్లోంచి ఒక జత చెప్పులు తెచ్చి నా ముందు పెట్టాడు. వచ్చే వారం తిరిగిచ్చేద్దామని వెళ్తే ఆ సందు దొరకలేదు. ఆ పై వారం కూడా వెతికాం. ఆ సందులన్నీ ఒకే పోలిక. చివరికి నాలుగేళ్ళు తొడిగాను వాటిని.

ఆ దారిలో ముదురాకుపచ్చగా, పాము వీపులా నిగనిగలాడే రాయి చాలా చోట్ల కనిపించింది. అదేమిటో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ కొండలు ఒకప్పటి సముద్రపు అడుగు. సుమారు 9.5 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం కింద పుట్టిన రాయి, భూఫలకాలు ఒకదాన్నొకటి నెట్టుకున్నప్పుడు లోపలికి కుంగిపోకుండా నేల మీదికెక్కి కూర్చుంది. ఓఫియోలైట్ అంటారట, గ్రీకులో ఓఫిస్ అంటే పాము. సముద్రగర్భం ఎలా ఉంటుందో చూడాలనుకునే శాస్త్రవేత్తలు ఓడలెక్కకుండా ఒమన్ వస్తారు. ఈ సంగతి ఫోన్‌లో చెబితే అన్న ఒక నిమిషం ఆలోచించి, "అంటే మనం చెయ్యి వేసింది సముద్రం అడుగు మీదా! మరంత జ్వరమేంట్రా దానికి" అన్నాడు.

2007 జూన్‌లో గోను తుఫాను వచ్చినప్పుడు ఆ కొండ రెండో మొహం చూశాం. రాయి చుక్క నీటిని కూడా తాగదు కాబట్టి, పడ్డదంతా పడ్డట్టే వాగుల్లోకి దూకింది. రువిలో మా వీధిలో కార్లు తేలాయి. రోజుల తరబడి కొళాయిలో నీళ్ళు లేవు. చుట్టూ వరద, తాగడానికి మాత్రం బక్కెట్లు పట్టుకుని ట్యాంకరు కోసం లైను. మత్రా సూక్ అసలే వాగు దారిలో ఉంటుంది. పది రోజులకి వెళ్ళి చూస్తే ముసలాయన కొట్టు ముందు గుడ్డ పరిచి లుబాన్ ఆరబెడుతున్నాడు. తడిసిన ముక్కలు సుద్దలా తెల్లగా పాలిపోయాయి. "పొగ వస్తుంది, కొనేవాడే రాడు" అన్నాడు. ఒక కిలో ఇమ్మన్నాను. సగానికి సగం ధర తగ్గించాడు, ఎంత బతిమాలినా మిగతాది తీసుకోలేదు. గల్లాపెట్టె అద్దం కింద నోటు కూడా తడిసింది, కానీ అక్కడే ఉంది.

శివరాత్రికి పాత మస్కట్‌లోని మోతీశ్వర్ మందిరానికి వెళ్ళి, జనంలో మూడు గంటలు నిలబడి, దర్శనం అయ్యాక పాత రేవు దగ్గర కూర్చునేవాళ్ళం. అక్కడ నీళ్ళ పక్కన కొండరాళ్ళ మీద తెల్ల రంగుతో ఓడల పేర్లు రాసి ఉంటాయి. ఏ దేశపు నావికులు వచ్చినా తమ ఓడ పేరు రాసిపోవడం అక్కడి పాత అలవాటు. అన్న ఒక్కో పేరూ కూడబలుక్కుని చదివేవాడు. తన ట్రైలర్ నంబరు కూడా రాయాలని ఉందనేవాడు.

2012లో నేను తిరిగొచ్చేశాను. పెద్ద కథేం లేదు. కంపెనీవాళ్ళు మూడు నెలలు జీతం ఆపారు, నాలుగో నెల ఆగే ఓపిక నాకు లేకపోయింది. అన్న అక్కడే ఉన్నాడు. కానీ పోర్టు ఉండలేదు. మత్రా రేవుని ఇక ప్రయాణికుల ఓడలకీ టూరిజానికీ ఉంచి, సరుకు రవాణా అంతా సోహార్‌కి మార్చాలని 2011లోనే నిర్ణయించారు. 1974 నుంచి నడిచిన సరుకు ఓడల రేవు 2014 ఆగస్టుతో ఆగిపోయింది. అన్న ట్రైలర్ తోలుకుని రెండు వందల కిలోమీటర్ల అవతలికి వెళ్ళాడు. "ఎలా ఉందన్నా సోహార్?" అంటే, "పోర్టు బ్రహ్మాండంగా ఉంది. కొండలే మరీ దూరంగా నిలబడ్డాయి, చుట్టం కాని వాళ్ళలాగ" అన్నాడు. ఇంకో నాలుగేళ్ళు చేసి ఆయన కూడా ఇంటికి చేరాడు.

2023 ఫిబ్రవరిలో మా ఆవిడనీ అమ్మాయినీ తీసుకుని వారం రోజులకి వెళ్ళాను. మా అమ్మాయికి ఆ మలుపు చూపించాలని రువి నుంచి టాక్సీలో ముందు సీటులో కూర్చోబెట్టాను. సరిగ్గా మలుపు తిరిగే సమయానికి ఫోన్ చూసుకుంటోంది. చేపల మార్కెట్ కొత్తది, 2017లో తెరిచింది, అలల్లా వంపులు తిరిగే పైకప్పుతో. నేల పొడిగా ఉంది. కోసేవాడు మాత్రం అలాగే రెండు వేళ్ళు చూపించాడు. సూక్‌లో ముసలాయన కొట్టు స్థానంలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అడిగితే ఆ కుర్రాడికి ఏమీ తెలియదు, అతను వచ్చి ఏడాదేనట.

సాయంత్రం కార్నిష్ మీద మా పాత బెంచీ కోసం వెతికాను. బెంచీలన్నీ మార్చారు. రోమింగ్ బిల్లు సంగతి తర్వాత చూసుకుందామని అన్నకి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావు?"

"రియాం మలుపులో."

"జ్వరం చూశావా?"

రోడ్డు దాటి వెళ్ళి రాతి గోడ మీద అరచెయ్యి పెట్టాను. మా ఆవిడా అమ్మాయీ అవతలి వైపు నుంచి నన్ను వింతగా చూస్తున్నారు.

"లేదన్నా, చల్లగా ఉంది."

"ఫిబ్రవరిలో చూస్తే ఏం తెలుస్తుందిరా, జూన్‌లో పోవాల్సింది" అని విసుక్కున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక టీవీ చప్పుడు వినబడుతోంది.

"ఓడలున్నాయా?"

"రెండున్నాయి. ఒకటి సుల్తాన్ గారిది. ఇంకోటి టూరిస్టులది, చాలా పెద్దది, పదమూడు అంతస్తులుంది."

"వాటికి పొట్ట ఉండదులే" అన్నాడు అన్న.